ఒక్క దిక్కు పురి

ఉధ్నా, సూరత్
4 నవంబర్ 2024

సుమన బిడ్డకు మీ మామ రాజమల్లు రాసేది.

మేమిద్దరం మంచిగనే ఉన్నం. ముందుగాల ఆ మాట రాస్తే మిగిలింది నువ్వు నిమ్మళంగ చదువుతవని రాసిన. దీపావళికి బట్ట నేసే సాంచాలు బంద్ పెట్టిన్రు, పండుగైన ఐదో దినం లాభ్ పాంచమ్ దాక తెరువరు. గల్లీల సప్పుడు లేక చెవులు గుయ్యుమంటున్నయని ఎదురింటి జమున అంటది. నలభై ఏండ్లు సాంచాల నడుమ నిలవడ్డ నా చెవులకు ఏడాది పొడుగూత దీపావళి సెలవులే. అందుకే ఫోన్ చెయ్యకు. "మామా, మామా" అని నువ్వు ఒర్లుడు, "ఆఁ, ఆఁ" అని నేను ఒర్లుడు, నడుమ మీ అత్త నవ్వుడు. ఉత్తరం రాయి. ఉత్తరం ఎంత మెల్లగ మాట్లాడినా నాకు ఇనవడ్తది.

అత్తకు పక్షవాతం వచ్చి దసరాకు రెండేండ్లు నిండినయి. కాలు మళ్ల నడకకు వచ్చింది. నోరు గూడ మళ్ల వచ్చింది, రెండింతలు వచ్చింది. కుడి చెయ్యి ఒక్కటే పిడికిలి పట్టి ఇడుస్తలేదు. దినాం పొద్దుగాల గోరువెచ్చని నీళ్లల్ల పెట్టి ఒక్కొక్క వేలు ఇప్పి, గోర్లు తీసి, నడుమ మెత్తటి బట్ట పెడ్త. ఇడిచిపెట్టంగనే మళ్ల మూసుకుంటది. గోరు దిగి అరచేతుల పుండు అయితది.

మొన్న బతుకమ్మకు గల్లీ ఆడోళ్లందరు గుండ్రంగ తిరుగుతుంటే ఈమె స్టూలు మీద కూసున్నది. పాట పాడింది. పిడికిలితోని చప్పట్లు కొట్టరాక, నడుమలనే లేచి ఇంట్లకు పోయింది. ఆ దినం అన్నం తినలే.

నువ్వు హైదరాబాదుల రొయ్య పొట్టుతోని, పట్టు పురుగు గూళ్లతోని ఏందో చేస్తున్నవని మా చెల్లె గంగవ్వ అన్నది. మందా, మిషనా అంటే నీ తల్లికి తెల్వదు. నువ్వు చెప్పు. నాకు అర్థమయ్యే తీరు చెప్పు.

మీ మామ
రాజమల్లు

హైదరాబాదు
20 నవంబర్ 2024

మామకు, అత్తకు సుమన నమస్కారాలు.

నా తెలుగు చూసి నవ్వకు. ఉధ్నాలో గుజరాతీ బడికి పోయినదాన్ని. దారం కండెల అట్టపెట్టెలు చింపి, వాటి వెనక నువ్వు దిద్దించిన అక్షరాలే ఇవి. ఇప్పటికీ 'ఱ' రాయాలంటే నీకేసి చూడాలనిపిస్తుంది.

నేను చేసేది మందు కాదు, మోటారు ఉన్న మిషనూ కాదు. మెత్తటి యంత్రం అనుకో. పట్టు గూళ్లను ఉడకబెట్టి, బంక తీసేసి, కరిగించి నీళ్లలా చేస్తాం. రొయ్య పొట్టును శుభ్రం చేస్తే అందులోంచి ఒక పదార్థం వస్తుంది. రెండూ కలిపి అద్దం మీద పోసి ఆరబెడితే ఉల్లిపొర లాంటి పొర వస్తుంది. దానికి తడి తగిలితే కదులుతుంది. కరెంటు లేదు, స్ప్రింగు లేదు. ఒక పక్క తడి పీల్చుకుని ఉబ్బుతుంది, రెండో పక్కకు వంగుతుంది, అంతే. ఇలాంటివాటిని సాఫ్ట్ యాక్చుయేటర్లు అంటారు. ఇనుముతో చేసిన యంత్రం చర్మాన్ని ఒరుస్తుంది. ఇది ప్రాణమున్న వాటి నుంచి వచ్చింది కాబట్టి ఒంటికి మెత్తగా ఉంటుంది. నాకైతే దీన్ని చూస్తూ కూర్చుంటే అన్నం కూడా గుర్తుకు రాదు మామా.

మూసుకుపోయిన చేతులను తెరిచే పట్టీ చేయాలన్నది మా ల్యాబ్ పరమేశ్వర్ సార్ ఆలోచన. ఆ పని ఆయన ఎవరికి ఇస్తానన్నా నేను ఊరుకునేదాన్ని కాదు. ఎందుకో నీకు తెలుసు.

కవరులో చిన్న ముక్క పెట్టాను. అరచేతిలో వేసుకుని కదలకుండా చూడు.

నీ మేనకోడలు
సుమన

ఉధ్నా
9 డిసెంబర్ 2024

సుమన బిడ్డా,

ఏం చేసినవ్ బిడ్డా! కవర్ల కెళ్లి తీసి అరచేతుల ఏసుకున్న. ఊపిరి బిగవట్టి చూస్తున్న. జర సేపటికి అది లేచి, వంగి, బోర్ల పడి, మళ్ల లేచింది. నేను మంచం మీదికెళ్లి ఒర్లిన ఒర్లుడికి జమున పొయ్యి మీద చాయ్ ఇడిచిపెట్టి ఉరికొచ్చింది. నా చెయ్యి చెమటకే అది లేస్తుందని తెలిసినంక గల్లీ అంత లైను కట్టిన్రు. సాంచాలు మరమ్మతు చేసే లింగం చేతుల మాత్రం కదలలే. ఆయన చేతులకు ఎప్పుడూ నూనె ఉంటది గద. ఆయన మొఖం మాడ్చుకున్నడు. సబ్బుతోని కడుక్కొని రమ్మన్న. కడుక్కొని వచ్చినంక ఆయన చేతుల అది ఆడింది సూడు, ముసలోడు పిల్లల తీరు నవ్విండు.

నలభై ఏండ్లల్ల ఎన్ని మిషన్లు చూసిన! అన్నీ కొట్లాడి పని చేసేటియే. కొట్లాడకుంట కదిలేది ఇప్పుడే చూసిన.

మీ అత్తకు ఒక్కటే అనుమానం. శ్రావణంల ఆమె నీసు ముట్టది. రొయ్య పట్టీ చేతికి కట్టుకోవచ్చునా అని అడుగుమన్నది.

ఉగాదికల్ల సుమన వచ్చి మీ అత్త భాగీరథి చెయ్యి తెరుస్తదని గల్లీ అందరికి చెప్పిన. అత్త గూడ సంబురంగ ఉన్నది. ఆస్పత్రి కసరత్తు బంద్ పెట్టింది. "సుమన తెస్తది గద, ఇగ ఈ నొప్పి ఎందుకు" అంటది. నేను గూడ సరే అన్న.

మీ మామ
రాజమల్లు

హైదరాబాదు
26 డిసెంబర్ 2024

మామా,

అత్త కసరత్తు రేపే మళ్లీ మొదలుపెట్టించు. రేపే! నా మాట కాదు, డాక్టర్ల మాట. వేళ్ల కీళ్లు బిగుసుకుపోతే ఎవరి పట్టీ వచ్చినా తెరవలేదు. గల్లీ అందరికీ ఉగాది అని ఎందుకు చెప్పావు? నేను ఎప్పుడు చెప్పాను ఉగాది అని?

ఆ పొరకు దాని బరువు అది లేపుకునే బలమే ఉంది. అత్త చిటికెన వేలు కూడా లేపలేదు. పొరలు వదిలేసి, పురి పెట్టిన పట్టు దారానికి రొయ్య పదార్థం పూసి పట్టీలు నేయించి చూశాను. తడిపితే కొంచెం లాగుతాయి, తర్వాత ఆగిపోతాయి. ఎనిమిది నెలలుగా అక్కడే ఉన్నాను. మార్చిలో సార్ లెక్క తేలుస్తారు. అప్పటికీ బలం రాకపోతే ఈ పని ఆపేసి వేరేది ఇస్తారు. అత్తకు ఆశ పెట్టకు.

రొయ్య వద్దనుకుంటే పుట్టగొడుగుల నుంచి కూడా అదే పదార్థం వస్తుందని అత్తకు చెప్పు.

ఇంకొకటి. ఖటోదరా కార్ఖానాలో పనిచేసేటప్పుడు నువ్వు ఒకసారి గుడ్డ ఖరాబు చేశావట, నీళ్లలో పడగానే అది ముడుచుకుపోయిందట. అమ్మ చెప్పింది. అదెలా ఖరాబైందో వివరంగా రాయి. తొందరగా.

సుమన

హైదరాబాదు
10 ఫిబ్రవరి 2025

మామా,

ఆరు వారాలైంది. జమున అత్తమ్మకు ఫోన్ చేస్తే బాగానే ఉన్నారంది. ఉత్తరం మాత్రం లేదు.

అత్త చేతి గురించి అంత కటువుగా రాయకుండా ఉండాల్సింది. ఆ రోజు పన్నెండో పట్టీ కూడా పనిచేయలేదు. నా చిరాకు నీ మీద చూపించాను. తప్పే. నువ్వు ఆశపడ్డావని కాదు నా కోపం, ఆ ఆశను నేను నిలబెట్టలేనేమోనని భయం. కోపం ఉంటే తిట్టి రాయి. చదువుతాను.

సుమన

ఉధ్నా
2 మార్చి 2025

సుమనకు,

నువ్వు కటువుగ రాసినందుకు కాదు. కసరత్తు మాట నిజమే, మర్నాడే మొదలువెట్టిచ్చిన. గల్లీల ఇంటింటికి తిరిగి ఉగాది మాట నేనే వాపస్ తీసుకున్న.

ఖటోదరా మాట ఎందుకు ఎత్తినవ్? పెద్ద చదువు చదివిన పిల్ల, మామను ఎక్కిరిస్తున్నదని అనుకున్న. ఇరవై ఎనిమిదేండ్ల నుంచి మా ఇంట్ల ఆ మాట ఎవరు ఎత్తరు. గంగవ్వ నీకు చెప్పిందంటే ఆమెతోని గూడ మాట్లాడ బుద్ధి కాలే.

నిన్న ఆ ఉత్తరం మీ అత్త జమునతోని చదివిచ్చుకున్నది. చదివిచ్చుకొని నా మొఖం మీదికి వచ్చి, నాకు పెదవులు కనవడేటట్టు ఒక్కొక్క మాట అన్నది. "పిల్ల ఎక్కిరిస్తలేదు. అడుగుతున్నది. నీకు చెవులే పోయినయనుకున్న, కండ్లు గూడ పోయినయా?"

ఇగ రాస్తున్న. తొంభై ఏడుల ఖటోదరాల జార్జెట్ నేస్తుంటి. జార్జెట్ పేకకు, అంటే అడ్డం పోగుకు, దారం గట్టిగ పురి పెట్టి ఉంటది. రెండు పోగులు ఎడమ పురి, రెండు పోగులు కుడి పురి పడాలె. కంటితోని చూస్తే రెండూ ఒక్క తీరే ఉంటయి. అందుకే ఎడమ దానికి గులాబి, కుడి దానికి పచ్చ రంగు కొట్టిస్తరు, మిల్లుల కడిగితే పోయే కచ్చా రంగు. ఆ యేడు వాన గోదాంలకు వచ్చి కండెల రంగు అంత పోయింది. సేఠ్‌ను అడిగితే పని ఆగుతదని, నేనే అందాజ పెట్టి, పేకను అటు ఇటు తీస్కపోయే రెండు నాడెలల్ల ఏసిన. రెండిట్ల ఒక్క పురి దారమే పడ్డది. సాంచె మీద ఉన్నన్ని దినాలు గుడ్డ మంచిగనే ఉన్నది. మిల్లుల ఉడుకు నీళ్లల్ల ఏసేసరికి నలభై నాలుగు ఇంచుల వెడల్పు పన్నా ఇరవైకి వచ్చింది. నిలువున మడతలు మడతలు పడి ముడుచుకున్నది.

ఎందుకు ముడుచుకుంటదంటే, ఎడమ పురి లాగితే కుడి పురి ఆపుతది, కుడిది లాగితే ఎడమది ఆపుతది. అందుకే జార్జెట్ నీళ్లల్ల పడ్డా బుద్ధిగ ఉంటది. ఒక్క పురే ఏస్తే ఆపెటోడు లేడు. లాగుడే లాగుడు.

సేఠ్ ఆ గుడ్డ నా మెడల ఏసి, పనోళ్లందరు చూస్తుండంగ గేటు దాక నడిపిచ్చిండు. ఇంటికి వచ్చి కాలవెడ్తనంటే మీ అత్త గుంజుకున్నది. పారేసింది అనుకున్న. నిన్న ఎడమ చేత్తోని సందుగ తెరిచి, అడుగుకెళ్లి తీసి నా ముంగట పెట్టింది. ఇన్నేండ్లు తన పెండ్లి గాజులు అందులనే చుట్టి పెట్టుకున్నదట. "గుడ్డ చేసిన తప్పేంది?" అన్నది.

పంపిస్తున్న. నా ఇజ్జత్ పార్సిల్ కట్టి పంపుడే ఇది. మంచిగ చూసుకో.

మీ మామ
రాజమల్లు

హైదరాబాదు
14 మార్చి 2025

మామా, మామా, మామా!

ఫోన్లో అరిచినా నీకు వినపడదు కాబట్టి కాగితం మీదే అరుస్తున్నాను.

గుడ్డ వచ్చింది. బల్ల మీద పరిచాను. రెండు పక్కలా పట్టి లాగి వదిలితే ఇప్పటికీ మడతల్లోకి వెళ్లిపోతోంది. దాన్ని చూస్తూ నీ ఉత్తరం మూడుసార్లు చదివి, నా పట్టీల లెక్క తీశాను. పురి దారమంటే ఎడమా కుడీ సమంగా ఉండాలని పుస్తకాల్లో ఉంది. నేనూ అలాగే నేయించాను. పదకొండు నెలలు, పన్నెండు పట్టీలు! నా దారాలు ఒకదాన్నొకటి ఆపుకుంటూ కూర్చున్నాయి మామా. తప్పని నువ్వు ఇరవై ఎనిమిదేళ్లు దాచుకున్నదే నాకు కావలసింది.

సార్‌కు గుడ్డ చూపించి, ఉత్తరం చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఆ మడతలు విప్పుతూ వదులుతూ ఉన్నారు. "మీ మామయ్య నేస్తారా?" అని మాత్రం అడిగారు. లెక్క తేల్చడం ఆగస్టుకు వాయిదా వేశారు.

నేను ఎక్కిరిస్తానా నిన్ను? నాకు బుద్ధి లేదు, అడగాల్సిన మాట అడగాల్సిన తీరులో అడగలేదు. సేఠ్ నీ మెడలో వేసిన సంగతి అమ్మ కూడా చెప్పలేదు. తెలిసి ఉంటే ఆ మాట కాగితం మీద పెట్టేదాన్నే కాదు. అమ్మతో మాట్లాడు.

రొయ్య పదార్థం పూసిన పట్టు దారం పంపుతున్నాను, మొత్తం ఎడమ పురే. రెండు వేళ్ల వెడల్పు, జానెడు పొడవు పట్టీలు కావాలి. పేకను మాత్రం పొడవు దిక్కున లాగేలా అమర్చాలి. అది ఎలాగో నాకు తెలియదు. నీకు తెలుసు.

నీ సుమన

ఉధ్నా
8 జూన్ 2025

సుమన బిడ్డా,

పన్నెండు పట్టీలు పంపుతున్న. నీవి పన్నెండు ఖరాబు అయినయన్నవ్ గద, ఒకటికొకటి.

సాంచె మీద ఇంత సన్నపుది కాదు. లింగం పాత సాంచె కట్టెలు కోసి, నాకు ఒళ్లె పట్టేటంత మగ్గం చేసి ఇచ్చిండు. జానెడు పన్నా నేసి, రెండు వేళ్ల మందం అడ్డంగ కోసి, అంచులు కుట్టిన. అట్ల కోస్తే పేక పొడుగు దిక్కు అయితది. ఇది తోచెటందుకు నాలుగు దినాలు పట్టింది. అన్నీ ఒక్క పురే అయినా కండెలకు పసుపు పెట్టి గుర్తు చేసుకున్న. నాకు ఇగ అందాజ మీద నమ్మకం లేదు.

ఒక పట్టీ కొనకు నాడె కట్టి, వేలాడదీసి, నీళ్లు చిలకరిచ్చిన. నాడె లేచింది బిడ్డా! బెత్తెడు లేచింది. ఆ నాడెను నలభై ఏండ్లు సాంచె కొట్టంగ చూసిన, రొయ్య పొట్టు పూసిన దారం సప్పుడు లేకుంట లేపంగ చూసిన. మీ పుస్తకాలోళ్లు, మా సాంచాలోళ్లు కలిసి కూసుంటే ఇంకేమేమి లేస్తయో!

అత్త కసరత్తు ఇడుస్తలేదు. డుమస్ సముద్రం ఒడ్డుకు తీస్కపోయి టమాటా భజియా తినిపిస్తనంటే పది సార్లు ఎక్కువ చేస్తది. నాకు ఒక్కటే మాట. ముందుగాల నా చేతికి పెట్టి చూడు, ఇంకెవరికన్నా పెట్టి చూడు. ఏమన్న అయితే నాకు కావాలె, ఆమెకు వద్దు. గంగవ్వతోని మాట్లాడిన, నేనే ముందుగాల ఫోన్ చేయించిన.

బతుకమ్మకు చప్పట్లు కొట్టాలె అని అత్త అంటది. నేను ఏం మాట ఇయ్యలే. నువ్వు ఆశ పెట్టకన్నవ్ గద.

మీ మామ
రాజమల్లు

హైదరాబాదు
22 ఆగస్టు 2025

మామా,

లెక్క తేలింది. పని ఆగలేదు. నీ పట్టీలకు మా పదార్థం ఇంకో పూత పూసి, ప్లాస్టిక్ చేతి వెనక వేళ్ల మీదుగా బిగించి తడిపితే పిడికిలి తెరుచుకుంది. సార్ మళ్లీ చేయమన్నారు. నలభై సార్లు చేశాం.

తర్వాత నా చేతికి, సార్ చేతికి పెట్టి చూశాం. ఇక్కడి ఆస్పత్రిలో డాక్టర్ల కమిటీ అనుమతితో ఆరుగురికి పెట్టాం. చర్మానికి ఏమీ కాలేదు. నలుగురికి వేళ్లు తెరుచుకున్నాయి, ఇద్దరికి కాలేదు. సూరత్‌లో కూడా ఒక ఆస్పత్రికి అనుమతి వచ్చింది. అక్కడ రుచిత అనే ఫిజియోథెరపీ మేడమ్ చూస్తారు, అత్త పేరు ఆమెకు ఇచ్చాను. నా పరీక్షలు ఉన్నాయి, నేను రాలేను. అందుకు ఏడ్చాను కూడా.

ఈసారి సరిగ్గా రాస్తాను, నువ్వు సరిగ్గా చదువు. ఇది జబ్బు నయం చేయదు. తెరుస్తుంది, పన్నెండు నిమిషాలు పట్టి ఉంచుతుంది, ఆరగానే చెయ్యి మళ్లీ మూసుకుంటుంది. అత్తకు అసలు తెరుచుకోకపోవచ్చు కూడా. రోజూ తెరిస్తే అరచేతి పుండు మానుతుంది, కీళ్లు బిగుసుకోవు. ఇప్పటికి ఇంతే. అయినా నాకు ఇది చిన్నదిగా అనిపించడం లేదు.

సార్ ఈ పట్టీకి ఏం పేరు పెడదామన్నారు. ఖటోదరా నేత అన్నాను. కాగితాల మీద అదే వేశారు. కింద నేసినవారు రాజమల్లు, ఉధ్నా, సూరత్ అని ఉంది. నీకు ఇష్టం లేకపోతే చెప్పు, తీయిస్తాను.

నీ సుమన

ఉధ్నా
5 అక్టోబర్ 2025

సుమన బిడ్డా,

పేరు ఉండనీ. ఖటోదరా గేటు ముంగటకెళ్లి మొన్న కావాల్సుకొని నడిచిపోయిన. ఆ కార్ఖానా లేదు ఇప్పుడు, మొబైల్ దుకాణం ఉన్నది. అయినా నడిచిన.

రుచిత మేడమ్ నెల దినాల నుంచి వారానికి మూడు సార్లు పెడ్తున్నది. మొదటి వారం ఏం కాలే. అత్త నన్ను చూసింది, నేను గోడను చూసిన. రెండో వారం చిటికెన వేలు లేచింది, మూడో వారం ఇంకో మూడు. బొటనవేలు మాత్రం మొండిది, ఆమె తీరే. పుండు మానింది. గోర్లు తీసుడు నాకు ఇప్పుడు చిన్న పని.

ఇగ అసలు సంగతి. సద్దుల బతుకమ్మ దినం మేడమ్‌ను బతిమాలితే, డాక్టర్‌ను అడిగి పొద్దుగూకే యాల్లకు మా గల్లీకే వచ్చింది. అత్తను స్టూలు మీద కూసోవెట్టి, పట్టీ కట్టి, నీళ్లు చిలకరిచ్చింది. ఆడోళ్లందరు పాట ఆపి నిలవడ్డరు. మేడమ్ గడియారం చూస్తున్నది. పట్టీ ముడుచుకుంట ముడుచుకుంట పోయింది, వేళ్లు ఒక్కొక్కటి లేచినయి. అత్త స్టూలు మీదికెళ్లి లేచి, జమున పక్కన పోయి నిలవడి చప్పట్లు కొట్టింది.

గల్లీ అంత ఏడ్చుకుంట నవ్విన్రు. నేను మొగోళ్లల్ల నిలవడి చూస్తున్న. రెండు చేతులు కలుస్తున్నయి, ఇడుస్తున్నయి, మళ్ల కలుస్తున్నయి. నాకు ఏం ఇనవడ్తలేదు. నలభై ఏండ్లల్ల చెవులు పోయినందుకు నేను ఎన్నడూ ఏడువలే బిడ్డా, ఆ దినం ఏడ్చిన.

ఆమె చూసింది. మూడు సుట్లు తిరిగినంక గుండ్రంలకెళ్లి బయటికి వచ్చింది. పన్నెండు నిమిషాలల్ల ఎన్ని మిగిలినయో నాకు తెల్వదు, మేడమ్ "జల్దీ కరో" అని చేతులు ఊపుతున్నది. అత్త నా దగ్గరికి వచ్చి, నా చెయ్యి చాపించి, కుడి అరచేత్తోని నా అరచేతి మీద కొట్టింది. ఒకసారి, మళ్ల ఒకసారి. తడి పట్టీ నీళ్లు నా చేతి మీద పడ్డయి.

ఇనవడ్డదా అని పెదవులతోని అడిగింది.

ఇనవడ్డది.

మీ మామ
రాజమల్లు